మాటలు విరిచి చెప్పే మేడం

మొన్నటి ఇంటర్ పరీక్షల్లో నాకు జనగామలో ఇన్విజిలేషన్ పడింది. ఇంగ్లిష్ పేపరు రోజు. పరీక్ష సగం అయ్యాక, కిటికీ వైపు వరుసలో కూర్చున్న అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు ఎడమచేతిని గడ్డం కింద పెట్టుకోవడం మొదలుపెట్టారు. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. కుడిచేతి వేళ్లు బల్ల అంచు మీద మెల్లగా కొడుతున్నాయి. చిన్న దెబ్బలు కొన్ని, నడుమ ఒక గట్టి దెబ్బ.

సరిగ్గా అప్పుడే స్క్వాడ్ సార్ లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి ఆ వరుసను చూశాడు.

"ఏంది మేడం ఇది? వరుస వరుసంతా సైగలు చేసుకుంటున్నరు, మీరు చూసుకుంట నిలబడ్డరా?"

"సైగలు కావు సార్. సిలబుల్స్ లెక్కపెడుతున్నరు."

ప్రశ్నపత్రం చూపించాను. ఇచ్చిన మాటలను సిలబుల్స్‌గా విడగొట్టి, ఒత్తు దేని మీద పడుతుందో గుర్తు పెట్టమని ఒక ప్రశ్న ఉంటుంది. ఆయన అది చదివి, ఇంకోసారి అమ్మాయిల వైపు చూసి బయటికి నడిచాడు. వరండాలో పోతూ పోతూ ఆయన కూడా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏదో మాట అనుకోవడం కిటికీలోంచి కనబడింది. ఇంకోరోజైతే నవ్వేదాన్ని.

ఆ అమ్మాయిలు దేవరుప్పుల దిక్కు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు అలా లెక్కపెట్టడం నేర్పిన మేడం ఆ చలికాలంలోనే పోయింది. గుండె ఆగిపోయిందట. లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో దండాలు పెట్టిన బొమ్మల మధ్య ఆమె ఫొటో చూసి నాకు తెలిసింది. పరీక్ష గదిలో నిలబడి ఏడవలేం కదా. వరుసల మధ్య అటూ ఇటూ నడిచాను. పిల్లలు కొడుతున్న ఆ దెబ్బలు పేపర్లు అందరూ ఇచ్చేదాకా వింటూనే ఉన్నాను.

ఆమె దేవరుప్పులకు బదిలీ కాకముందు, ఆమె, నేను మహబూబాబాద్‌లో కలిసి పనిచేశాం. నాది బోటనీ, ఆమెది ఇంగ్లిష్. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నా ల్యాబుకూ ఆమె క్లాసుకూ మధ్య ఒక పలచటి గోడ. నేను మైక్రోస్కోపులు తుడుచుకుంటూ ఆమె పాఠం వినేదాన్ని.

"గదువ కింద చెయ్యి పెట్టుండ్రి. మాట అనుండ్రి. గదువ ఎన్నిసార్లు కిందికొస్తే అన్ని సిలబుల్స్. చూడకుండ్రి, చెయ్యికి తెలుస్తది."

తర్వాత ఒత్తు. ఇది పిల్లలకు అంత తొందరగా పట్టుబడదు. ఆమె దానికి దావతు లెక్క చెప్పేది.

"మన తెలుగుల అందరికి సమానంగ వడ్డిస్తం. ఇంగ్లిష్‌ల గట్ల కాదు. ఒక్కరికే ముక్కలు, మిగిలినోళ్లకు షోర్వ. ఆ ముక్కలు ఎవరి పల్లెంల పడ్డయో పట్టుకోవాలె. ఎట్ల పట్టుకుంటరు? ఆ మాటను దూరంగ పోతున్న మనిషి పేరు అనుకోని పిలువుండ్రి. ఎక్కడ గొంతు సాగుతదో అక్కడున్నయి ముక్కలు."

అప్పుడు గోడ అవతల నుంచి అరవైమంది ఆడపిల్లలు ఒక్కసారిగా "ఫొటాఆఆగ్రఫర్" అని ఎవరినో చెరువు అవతలి గట్టు మీదికి పిలిచినట్టు పిలిచేవారు. నా ల్యాబులో సీసాలు కదిలేవి. ఫొటోగ్రాఫ్‌లో మొదటి సిలబుల్‌కు ముక్కలు, ఫొటోగ్రఫర్‌లో రెండోదానికి, ఫొటోగ్రాఫిక్‌లో మూడోదానికి. "ఇంటిపేరు ఒక్కటే, పెద్దరికమే మారుతది," అనేది. మాట చివర 'షన్' వస్తే బరువంతా దాని ముందున్నవాడి నెత్తిమీద. ఎగ్-జా-మి-నే-షన్. 'నే' దగ్గర ఆమె పిడికిలి టేబుల్ మీద దబ్బున పడేది. ఆ పిడికిలి ఎప్పుడూ ఏదో ఒకదాని మీద కొడుతూనే ఉండేది. క్లాసులో టేబుల్, స్టాఫ్ రూములో కుర్చీ చెయ్యి, నడుస్తుంటే తన తొడ. పాఠం చెప్పీ చెప్పీ అలవాటైపోయింది అనుకునేదాన్ని.

ఆమెకు ఎప్పుడూ ఏదో ఆరాటం. కాలేజీకి అందరికంటే ముందు వచ్చి, ఖాళీ వరండాలో ఒక్కతే పెదవులు కదుపుతూ తిరిగేది. ప్రిన్సిపాల్ నుంచి కబురు వస్తే, విషయం ఏదైనా సరే, మొహంలో రక్తం ఉండేది కాదు. జెండా వందనం నాడు మైకు పట్టుకొమ్మంటారేమోనని ముందురోజే గొంతుకు తువ్వాల చుట్టుకుని వచ్చేది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. గ్యాసు వాళ్లయినా, బ్యాంకు వాళ్లయినా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టేది.

"చెల్లె, జర నువ్వు మాట్లాడు. నా గొంతు బాగలేదు."

ఆమె గొంతు ఏడాది పొడుగునా బాగుండేది కాదు. క్యాంటీన్‌లో ఎప్పుడూ చాయ్ చెప్పేది, సగం తాగి వదిలేసేది. మహబూబాబాద్ అనేది కాదు, అందరూ అనే మానుకోట అన్న పేరూ అనేది కాదు. "ఈ ఊరు" అనేది. ఎవరైనా కొత్తవాళ్లు పేరడిగితే "ఇంగ్లిష్ మేడంని" అని నవ్వేది. తన పేరు తన నోటితో చెప్పగా నేను వినలేదు. అందుకే ఇక్కడ నేనూ రాయడం లేదు.

ఇవన్నీ ఇప్పుడు వరుసగా రాస్తుంటే ఎవరికైనా అర్థమైపోతుంది. పక్కన కూర్చున్న నాకు అప్పుడు అర్థం కాలేదు. భయస్తురాలు, పాపం అనుకున్నాను, అంతే.

ఒక ఏడు ప్రాక్టికల్స్‌కు మా ఇద్దరినీ ఘనపూర్ వేశారు. బోటనీకి నేను, ఇంగ్లిష్ మాట్లాడించే పరీక్షకు ఆమె. ఘనపూర్ అంటే ములుగు ఘనపూర్, భూపాలపల్లి జిల్లాలోది. జనగామ జిల్లాలో స్టేషన్ ఘనపూర్ అని ఇంకోటి ఉంది. రెంటికీ నడుమ చాలా దూరం. ఉత్తరాలైనా, మనుషులైనా ఒకదానికి పోబోయి ఇంకోదానికి పోవడం మామూలే.

భూపాలపల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో దిగాం. పొద్దున పెద్దమ్మ కొడుకు, మా అన్న స్కూటీ తీసుకుని బయలుదేరాం. నేను నడుపుతున్నాను, ఆమె వెనక కూర్చుంది. ఆమెకు బండి రాదు. ఘనపూర్ దగ్గరికి వచ్చాక, చెరువు పక్క నుంచి అడ్డదారి ఉంది, తొందరగా పోవచ్చని అన్న చెప్పిన దారి పట్టాను. రెండు పక్కలా మిర్చి తోటలు, ఏరేసిన పత్తి చేలు. దారి పక్కన పెద్ద బూరుగు చెట్టు ఒక్క ఆకు లేకుండా నిండా ఎర్రగా పూసి ఉంది. పరీక్షలో పిల్లల ముందు పెట్టడానికి రెండు పువ్వులు కావాలనిపించింది.

"ఆగొద్దు చెల్లె, టైమైతది," అంది ఆమె.

"ఒక్క నిమిషమే అక్కా."

కిందికి వంగిన కొమ్మను పట్టి గుంజాను. పై కొమ్మకు చాటంత తేనెతుట్టె వేలాడుతున్నదని చూసుకోలేదు. మొదట ఏదో మోటారు మోగినట్టు వినబడింది. తర్వాత నా మెడ మీద నిప్పు పడింది. పరుగెత్తాను. ఆమె తన శాలువా నా తల మీద కప్పి, రెక్క పట్టుకుని పత్తి చేనులోకి ఈడ్చుకుపోయింది. కట్టెలు కాళ్లకు గీరుకుంటున్నా ఆపలేదు. ఈగలు వెనక్కి మళ్లేసరికి ఇద్దరం మట్టిలో బోర్లా పడి ఉన్నాం. నా బ్యాగు, ఫోను, బండి తాళం అన్నీ చెట్టు కిందే ఉండిపోయాయి.

కుట్టిన చోట్ల మంట తెలుస్తూనే ఉంది. కాసేపటికి మంట కాదు, ఇంకేదో మొదలైంది. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నాలుక నోట్లో పట్టడం లేదు. ఊపిరి సన్నటి గొట్టంలోంచి వస్తున్నట్టు కీచుమంటోంది. అక్కా అని పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. ఇది మామూలు వాపు కాదని, దవాఖానకు చేరకపోతే బతకనని నాకు తెలిసింది. నా మొహం చూసి ఆమెకూ తెలిసింది.

దూరంగా మిర్చి ఏరేవాళ్లు చుక్కల్లా కనబడుతున్నారు. ఆమె లేచి వాళ్ల వైపు తిరిగి అరవబోయింది. నోరు తెరుచుకుంది, మెడ నరాలు లేచాయి, శబ్దం రాలేదు. నాకేం అర్థం కాలేదు. ఇంత భయపడిపోయిందా అనుకున్నాను. ఆమె తిరిగి వచ్చి, చంకలో వేలాడుతున్న సంచిలోంచి ఫోన్ తీసి అంబులెన్స్ నంబరు నొక్కి, స్పీకర్‌లో పెట్టింది.

"నమస్కారం. చెప్పండి, ఏం జరిగింది?" ఎవరో కుర్రవాడి గొంతు.

ఆమె పెదవులు గట్టిగా మూసుకుపోయాయి. అలాగే ఉండిపోయాయి. కళ్లు మూసి, తల పక్కకు ఒంచి, ఏదో బరువు నెడుతున్నట్టు మొహమంతా బిగిసింది.

"హలో? హలో... మాట్లాడండి. మాట వినబడుతలేదు."

ఫోన్ పెట్టేశారు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నా గొంతులో కీచు పెరుగుతోంది. ఆమె మళ్లీ నొక్కింది. ఈసారి మోకాళ్ల మీద కూర్చుని పిడికిలి బిగించి తొడ మీద కొట్టడం మొదలుపెట్టింది.

"ఎ-మర్-జెన్-సీ," అంది. ప్రతి ముక్కకూ ఒక దెబ్బ, 'మర్' దగ్గర గట్టి దెబ్బ.

"చెప్పండి మేడం, ఎక్కడి నుంచి?"

"ఘ-న-పూర్."

"స్టేషన్ ఘనపూరా మేడం? జనగామ జిల్లా?"

పిడికిలి గాల్లో ఆగింది. నేను తల అడ్డంగా ఊపుతున్నాను, కాదు కాదు అని. ఆమె నా వైపే చూస్తోంది. ఆ చూపులో ఏముందో అప్పుడు తెలియలేదు.

"స్టేషన్ ఘనపూర్ అని రాసుకోమంటరా మేడం?"

"కాదు!"

"మరి ఎక్కడ?"

"ము..." అంది. పెదవులు మళ్లీ అతుక్కున్నాయి. "ము... ము..." పిడికిలి తొడ మీద పడుతోంది, మాట మాత్రం కదలడం లేదు. "ము..."

"హలో? సిగ్నల్ కట్టవుతుంది మేడం..."

"పె... పెట్టెయ్యొద్దు!" అని అరిచింది. "సిగ్నల్ కాదు. నాకు నత్తి. నాకు నత్తి ఉన్నది. ఆగు."

అవతల ఆ కుర్రవాడి గొంతు మారింది.

"పెట్టెయ్య అక్కా. నిమ్మళంగ చెప్పు. నేను ఇక్కడ్నే ఉన్న."

ఆమె పిడికిలి విప్పింది. చెయ్యి మట్టి మీద ఆనించింది. ఇక కొట్టలేదు. లెక్కపెట్టలేదు. "ము... ము... ము... ములుగు," అంది, ఎలా వస్తే అలా. "ములుగు ఘనపూర్. భూ... భూ... భూపాలపల్లి జిల్లా. చెరువు పక్క అడ్డదారి. బూ... బూ... బూరుగు చెట్టు. తేనెటీగలు కుట్టినయి. మా చెల్లెకు ఊపిరి ఆడుతలేదు." ప్రతి మాట ఎక్కడో ఒకచోట తట్టుకుంది. ఆమె దేన్నీ వదిలిపెట్టలేదు, దేన్నీ మార్చి చెప్పలేదు. కుర్రవాడు ఒక్కసారి కూడా నడుమ అందుకోలేదు.

బండి వచ్చేదాకా ఆమె ఫోన్ పెట్టలేదు. నా తల తన భుజానికి ఆనించుకుని, నన్ను ఎలా కూర్చోబెట్టాలో అతను చెబుతుంటే అలా కూర్చోబెట్టింది. అంబులెన్స్ లోపలే తొడకు సూది ఇచ్చారు. ఊపిరి మెల్లగా వెడల్పయింది. ఆ తర్వాత సంగతులు నాకు సరిగా గుర్తులేవు.

భూపాలపల్లి దవాఖానలో మెలకువ వచ్చేసరికి ఆమె మంచం పక్కన స్టూలు మీద ఉంది. ఆమెనూ ఈగలు కుట్టాయి. ఒక కన్ను మూసుకుపోయింది, పై పెదవి ఉబ్బి ఉంది. పెద్దమ్మ ఫ్లాస్కులో చాయ్ తెచ్చి ఆమెకు గ్లాసులో పోసింది.

"అవ్వా, పా... పా... పాలు దొరుకుతయా?" అంది ఆమె. "నాకు చాయ్ అంటే అస్సలు ఇష్టం లేదు."

పెద్దమ్మ పాల కోసం బయటికి పోయింది. ఆమె నా దుప్పటి సవరించింది.

"అవును అంటే అయిపోయేది చెల్లె," అంది.

"ఏంది అక్కా?"

"ఆ పిలగాడు స్టేషన్ ఘనపూరా అని అడగంగనే, అవును అన్న మాట నోట్లకొచ్చింది. ఎంత అల్కటి మాట! ఒక్క అడ్డం లేకుంట వస్తది. జిందగీ అంతా గట్లనే బతికిన. పాలు కావాల్నంటే చాయ్ అన్న. బట్టల దుకాణంల పసుపు రంగు చీర నచ్చితే ఆకుపచ్చది ఇయ్యమన్న. పదిమందిల ఎవరేమన్నా అవును, అవును. కాదు అంటే ఎందుకో చెప్పాలె గదా. చెప్పాలంటే మాట రావాలె." ఆమె గ్లాసు పక్కకు జరిపింది. "సిలబుల్స్ గూడ నేను పిల్లల కోసం నేర్చుకోలే. చిన్నప్పుడు ముక్కలు ముక్కలు చేసి, కొట్టుకుంట చెప్తే మాట బయటికొస్తదని తెలిసింది. గదే పట్టుకున్న. ఒత్తు ఎక్కడున్నదో ముందే తెలిస్తే, ఎక్కడ పడిపోతనో ముందే తెలుస్తది."

"మరి ఇయ్యాల కాదు అని ఎట్ల అన్నవక్కా?"

"నీ పెదవులు నల్లగైనయి," అంది. "నువ్వు తల ఊపుతుంటే అవి చూసిన."

ప్రాణం కాపాడిన మనిషి మొహంలో ఉండాల్సిన తృప్తి ఏమీ లేదు. కాసేపటికి అడిగింది. "అంబులెన్సోళ్లు విన్నరు. కాలేజీల ఎవరికన్న తెలుస్తదా? పిల్లలకు తెలిస్తే ఎట్ల? ఇంగ్లిష్ మేడంకు నత్తట అని నవ్వరా? నేను చదువుకున్నకాడ నవ్విండ్రు. సార్లు గూడ నవ్విండ్రు. రేపు క్లాసుల ఎట్ల నిలబడాలె?"

నవ్వరక్కా అన్నాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. పదిహేడేళ్ల పిల్లలు, నవ్వుతారేమో.

నేను సెలవు ముగించుకుని కాలేజీకి వెళ్లిన రోజు ఆమె మొదటి పీరియడ్‌కు బయలుదేరబోతోంది. వరండాలో ఎప్పటిలా అటూ ఇటూ తిరుగుతోంది. నన్ను చూసి, "ఇయ్యాల చెప్పేస్త చెల్లె," అంది. "వేరేవాళ్ల నోట వినేకంటే నా నోటనే విననీ. జర బయట నిలబడు. పోకు."

నిలబడ్డాను. కాళ్లలో నీరసం ఇంకా తగ్గలేదు, అయినా కూర్చోబుద్ధి కాలేదు. తలుపు పక్క నుంచి ఆమె వీపు, ముందు రెండు వరుసల అమ్మాయిలు కనబడుతున్నారు.

"అమ్మాయిలూ, ఒక సంగతి చెప్పాలె," అంది. టేబుల్ మీద చెయ్యి పెట్టి, తీసేసింది. "నాకు... నాకు నత్తి ఉన్నది. చిన్నప్పటి సంది. మీ... మీ... మీ దగ్గర దాచిన."

ఆమె మెడ వంగింది. అప్పుడు ముందు వరుసలోంచి బయ్యారం అమ్మాయి ఒకతి లేచి నిలబడింది. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల.

"మాకు ఎరుకే మేడం."

"ఏంది?"

"మాకు ఎరుకే. ఫస్టియర్ల మీరు వచ్చిన మొదటి రోజు సంది ఎరుకే."

"మరి... మరి ఎన్నడు అనలేదేంది?"

ఆ పిల్ల పక్కవాళ్ల వైపు చూసింది. "మీరు చెప్తలేరు గదా మేడం. అందుకే మేము గూడ అనలే. మీరు ఆగినప్పుడు ఎవ్వరు మాట అందియ్యద్దని మేమే అనుకున్నం. సీనియర్ అక్కలు గూడ గట్లనే చెప్పి పోయిండ్రు."

మేడం బోర్డు వైపు తిరిగింది. ఏడుస్తోందేమోనని లోపలికి పోబోయి ఆగాను. ఇటు తిరిగేసరికి మొహం తడిగానే ఉంది, కానీ గడ్డం పైకెత్తి ఉంది. టేబుల్ మీది అటెండెన్స్ రిజిస్టర్ తెరిచింది. అంతవరకు ఆమె క్లాసులో అటెండెన్స్ అంటే పిల్లలు తమ నంబర్లు తామే వరుసగా చెప్పుకోవడం. పేర్లు పిలవడం ఉండేది కాదు.

"మ..." అంది. ఆగింది. "మ... మ..."

గదిలో ముగ్గురు నలుగురు 'మ' పేరుగల వాళ్లున్నారు. ఎవరికి వాళ్లు వీపులు నిటారుగా పెట్టి ఎదురుచూస్తున్నారు.

"మ... మమత."

"ప్రెజెంట్ మేడం," అంది మమత లేచి, మొదటి సిలబుల్ మీద చక్కగా ఒత్తు పెట్టి.

తర్వాత భవాని. తర్వాత ప్రవళిక. తర్వాత పూజ. ఒక్కో పేరు దగ్గర ఎంతసేపు పడితే అంతసేపు ఆగారు. గంట కొట్టేసరికి సగం పేర్లే అయ్యాయి. ఎవరూ లేవలేదు.